నాలుగు దండగ, అయిదోది పనిచేస్తుంది

ఆ క్రీము డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన నన్ను ఇప్పటికీ వదల్లేదు. పైన గులాబీ నీళ్ళ వాసన, దాని కింద చిన్నపిల్లల పౌడరు వాసన, అన్నిటికన్నా అడుగున మందుల షాపు వాసన. మొదటిరోజే నా ముక్కు ఆ మూడోదాన్ని పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం పక్కన కాస్త బుద్ధి కూడా ఉండుంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

శ్రీకాకుళం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. ఒంటరి మనిషిని. మా అన్నయ్య కుటుంబం మా వీధిలోనే రెండిళ్ళ అవతల ఉంటుంది. అన్నయ్య పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి వచ్చి, ఎప్పుడు చూసినా నిద్రపోతూనే కనిపిస్తాడు. ఇంటి వ్యవహారమంతా మా వదినదే. వాళ్ళకి ఒక్కతే కూతురు. భోగాపురంలో విమానాశ్రయం అన్న దగ్గర్నుంచి విజయనగరంలో శిక్షణ సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటిలో ఒకదాంట్లో చేరి, విమానాశ్రయం కౌంటర్లో నిలబడే ఉద్యోగానికి తయారవుతోంది నా మేనకోడలు. తెలివైన పిల్ల. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. రంగు మాత్రం నాదే, నలుపు.

కౌంటర్లో నిలబడేవాళ్ళు చూడ్డానికి బాగుండాలని అక్కడ పాఠం చెప్పే ఆయన మొదటి వారమే అన్నాడట. అంటూ అందరినీ ఒకసారి కలయజూసి, మా పిల్ల దగ్గర చూపు ఆపాడట. ఆ రోజు పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వెళ్ళి ఆ పెద్దమనిషిని నాలుగూ అడిగేసి వస్తానని నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"అడిగితే ఏటొస్తాది టీచరమ్మా? దాన్ని తీసీస్తారు," అంది వదిన. నన్ను వేళాకోళానికి టీచరమ్మా అని పిలవడం ఆమెకు అలవాటు. "మనం ఏదో ఒకటి సూసుకోవాల గాని."

ఆ చూసుకోవడం ఏమిటో తర్వాతి నెలలో మా కూడికలో తెలిసింది.

మాది బాప్టిస్టు సంఘం. ప్రతి ఆదివారం సాయంత్రం స్త్రీల కూడిక జరుగుతుంది, వారానికి ఒక ఇంట్లో. చాపలు పరిచి కూర్చుంటాం. పాట, వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు. ఎవరికి మేలు జరిగిందో వాళ్ళు లేచి నిలబడి చెబుతారు. కొడుక్కి జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన గేదె దొరికిందని ఒకరు. చెప్పడం అయ్యాక అందరం "స్తోత్రం" అంటాం. సాక్ష్యానికి ఎదురు ప్రశ్న వేయడం మాలో లేదు. జ్వరానికి ఏ మాత్ర వేశావని ఎవరూ అడగరు. అడిగితే ఆ మనిషిని అనుమానించినట్టు. చిన్నప్పటి నుంచీ ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. ఆ గంటసేపూ ఎవరి మాటా ఎవరూ తీసిపారెయ్యరు.

ఆ ఆదివారం కూడిక వదినవాళ్ళింట్లో. ప్రార్థన అయిపోయాక లేవబోతుంటే, "కూకోండి, టీ తాగీ ఎల్దురు గాని," అని అందరినీ ఆపింది వదిన. టీతో పాటు లోపలి గదిలోంచి ఒక మేడమ్ వచ్చింది. విశాఖపట్నం నుంచట. చేతిలో గులాబీ రంగు పెట్టె. అందులో అయిదు రకాలు: ముఖం కడుక్కునేది, కడుక్కున్నాక దూదితో తుడుచుకునేది, చుక్కలు చుక్కలుగా వేసుకునేది, పగటి క్రీము, రాత్రి క్రీము. అయిదూ ఒక వరసలో వాడాలట. ఒకటి తప్పినా ఫలితానికి పూచీ లేదట.

ఆమెను చూడగానే నాకు ఒళ్ళు చిరచిరలాడింది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, వేళ్ళ కణుపులు మసి పూసినట్టు మూడో రంగు. ఫోన్లో ఫొటోలు చూపించింది, వాడకముందు, వాడిన తర్వాత. ముందు ఫొటోలన్నీ చీకటి గదిలో నవ్వకుండా తీసినవి, తర్వాత ఫొటోలన్నీ కిటికీ దగ్గర నవ్వుతూ తీసినవి. నా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఆ తేడా పట్టేస్తారు. అదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఒక ఎత్తు. మా కూడిక తీరు ఎక్కడ కనిపెట్టిందో గాని, "మీలో వాడినవాళ్ళు ఒక్కొక్కరూ లేచి అనుభవం చెప్పండమ్మా," అంది. మా వెనక వీధిలోని ఒకావిడ లేచింది. ఆ పెట్టెను ఈవిడ ముందే కొనేసిందని అప్పుడే తెలిసింది.

"నా బుగ్గలమీద మంగు ఉండీది కదా. ఇప్పుడు సూడండి. సగానికి సగం పోనాది," అంది.

చాపల మీదున్న అందరూ, అలవాటు కొద్దీ, "స్తోత్రం" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరికి స్తోత్రం చేశారో వాళ్ళకి తెలియదు. నోటికి వచ్చేసింది, అనేశారు. మేడమ్ మాత్రం ఆ మాట విని ముసిముసిగా నవ్వింది. 

అందరూ వెళ్ళాక వదిన మీద విరుచుకుపడ్డాను. పవిత్రమైన మాటని పట్టుకెళ్ళి క్రీము డబ్బాకి అంటగట్టారేటి అని అరిచాను. వదిన అంతా వింది. తర్వాత పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అంత సదువుకున్నావు కదా. నువ్వే తేల్చీ. ఇది పనిజేస్తాదా, నేదా. నువ్వు సెప్పినదాకా నా గుంట మొకానికి సుక్క ముట్టించను. నీ మీద ఆన."

నా మేనకోడలు గుమ్మంలో నిలబడి నావంక చూస్తోంది. ఇంటర్వ్యూలకి ఇంకా నాలుగు నెలల పైనే ఉంది. ఆ పిల్ల కళ్ళలో ఆశ చూసి కూడా నాకు భయం వెయ్యలేదు. నాలో ఉన్న టీచరు లేచి కూర్చుంది. ఈ మోసాన్ని శాస్త్రీయంగా బయటపెడతానని సంబరపడ్డాను.

అయిదూ కలిపి రాస్తే ఏది ఏం చేసిందో ఎలా తెలుస్తుంది? అందుకని నా ఎడమచేతి లోపలివైపు, మోచేతి కింద, బాల్ పెన్నుతో రూపాయి బిళ్ళంత గుండ్రాలు అయిదు గీశాను. ఒక్కో గుండ్రంలో ఒక్కొక్కటి. కుడిచేతికి ఉట్టి కొబ్బరినూనె. రోజూ పొద్దున్న అదే కిటికీ దగ్గర, అదే వేళకి రెండు చేతులనీ ఫొటో తీశాను. నోట్‌బుక్కులో రాసుకున్నాను. స్కూల్లో పిల్లలు ఆ గుండ్రాలు చూసి, "టీచర్, సేతిమీద ఏటండి?" అని అడిగితే, ప్రయోగం అంటే ఇలా చెయ్యాలిరా అని పీరియడంతా చెప్పాను. గర్వంగానే చెప్పాను.

పెట్టె మీద ఏమేం కలిపారో లేదు. మూలికల సారం అని మాత్రం ఉంది. ఫోన్ చేసి మేడమ్‌ని అడిగితే అది కంపెనీ రహస్యం అంది. నోట్‌బుక్కులో ఆ మాట కూడా రాశాను. రాస్తే చాలు, బాధ్యత తీరిపోయిందనుకునే జబ్బు మా టీచర్లకి ఉంటుంది.

పదో రోజుకి నాలుగు గుండ్రాలూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఒకటి ఉట్టి సబ్బు నీళ్ళు, ఒకటి రంగు నీళ్ళు, ఒకటి జిగురు, పగటి క్రీము మైదాపిండి పూసినట్టు తెల్లగా కనబడి కడిగితే పోతుంది. అయిదో గుండ్రం, రాత్రి క్రీముది, మాత్రం తెల్లబడింది. కడిగినా పోలేదు. నా నల్లటి చెయ్యి మీద ఆ ఒక్క బిళ్ళ వేరే ఎవరి చెయ్యో అతికించినట్టుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే నామీద నాకే రోతగా ఉంది. ఆ తెల్ల బిళ్ళని చూసి నాకు ముచ్చటేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా, చేయి తిప్పి తిప్పి చూసుకున్నాను. నల్ల టీచరు అని పిల్లలు వెనక అనుకునే మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. పట్టదని నేను చెప్పుకునేదాన్ని. పట్టింది కాబట్టే ఆ బిళ్ళ నాకంత ముద్దొచ్చింది. పధ్నాలుగు రోజులతో ప్రయోగం ముగిసిందని గీత కొట్టాను, కానీ ఆ అయిదో గుండ్రానికి రాయడం మానలేదు. ఇంకొన్నాళ్ళు గమనిద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. ముఖానికి రాసుకునే ధైర్యం మాత్రం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నన్ను నేను అడగలేదు.

ఆ వారం కూడికలో సాక్ష్యాలు అయ్యాక మేడమ్ మళ్ళీ పెట్టె విప్పుతుంటే నేను లేచాను. ఆవిడ ముఖం పాలిపోయింది. నేను ఏకిపారేస్తాననే అనుకుంది. నేనూ అలాగే మొదలెట్టాను.

"ఈ అయిదింట్లో నాలుగు దండగ," అన్నాను. "నా సేతిమీద ఒక్కొక్కటీ ఏరేరుగా రాసి సూసినాను. నాలుగూ ఉట్టి నీళ్ళు. ఎవరూ కొనకండి. అయిదోది, రాత్రి రాసుకునీది, అది పనిజేస్తాది. ఇదిగో సూడండి."

చెయ్యి చాపాను. అందరూ ముందుకి వంగి చూశారు. ఆ తర్వాత గదిలో లేచినంత పెద్ద స్తోత్రం నేను ఆ ఇళ్ళలో ఏనాడూ వినలేదు. నాకూ కొబ్బరికాయంత గర్వం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కంపెనీకి భయపడలేదు, జనాన్ని మోసపోనివ్వలేదు అనుకున్నాను. అసలు సంగతి నాకు అర్థం కాలేదు. నాలుగింటిని తిట్టాను కాబట్టే అయిదోదాన్ని అందరూ నమ్మారు. మేడమ్ అది నాకన్నా ముందే గ్రహించింది. తిట్టించుకున్నందుకు కోపం తెచ్చుకోలేదు సరికదా, వెళ్ళేటప్పుడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మీలాంటి ఎడ్యుకేటెడ్ వాళ్ళు చెప్తేనే నమ్ముతారు మేడమ్," అంది. ఆవిడ అరచేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. ఇంటికెళ్ళి సబ్బుతో రుద్ది కడుక్కున్నాను. ఆ తర్వాత ఆవిడ గులాబీ పెట్టెలు తేవడం మానేసి, రాత్రి క్రీము డబ్బాలే సంచీల్లో తెచ్చింది.

ఆ సాయంత్రమే నా మేనకోడలు ముఖానికి రాసుకోవడం మొదలెట్టింది. పది రోజుల్లో ఆ పిల్ల ముఖం దీపం పెట్టినట్టయింది. చర్చిలో ఆడవాళ్ళు బుగ్గ గిల్లి మరీ చూసేవారు. శిక్షణ సంస్థలో ఆ పాఠం చెప్పే ఆయన, చూపు ఆపినాయనే, ఆమెని ముందు వరసలో నిలబెట్టాడట. ఆ మాట చెప్పి పిల్ల నవ్వుతుంటే, ఆయన మీద నాకున్న రోత కూడా నవ్వులో కలిపి మింగేశాను. వదిన వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పేది: "మా టీచరమ్మ పరీక్ష సేసి తేల్చినాది."

రెండో నెలలో ఒకరోజు బస్సు దిగుతుంటే సంచీ పట్టీ నా చేతికి రాసుకుంది. గట్టిగా కూడా కాదు. అయిదో గుండ్రం దగ్గర తోలు లేచిపోయింది. ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని చూశాను. ఆ బిళ్ళంత మేరా చర్మం ఉల్లిపొరలా పలచబడి ముడతపడి ఉంది. దాని కింద ఎర్రటి దారాల్లా సన్నటి రక్తనాళాలు. చుట్టూ నూగు వెంట్రుకలు, మిగతా చేతి మీద లేనివి. చర్మం పాఠం ఏటేటా చెప్పేదాన్ని. చూస్తున్నదేమిటో నాకు తెలియదంటే నమ్మే పిల్లవాడు మా స్కూల్లో ఒక్కడూ ఉండడు. మొదటిరోజు ముక్కుకి తగిలిన ఆ మూడో వాసన ఏమిటో కూడా అప్పుడు తెలిసింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందేదో ఇందులో కలిపారు. అది తెలుపు చేస్తుంది. తర్వాత తోలు తినేస్తుంది.

ఆ సాయంత్రం నేను చెయ్యాల్సింది రెండిళ్ళ అవతలికి నడిచి వెళ్ళడం. వెళ్ళాను కూడా. మా పిల్ల అద్దం ముందు కూర్చుని వేలి చివర క్రీము తీసుకుని బుగ్గల మీద గుండ్రంగా రాసుకుంటోంది.

"అత్తా, కౌంటర్ల నిలబడితే నా పేరుతో బేడ్జి పెడతారట," అంది అద్దంలోంచి నన్ను చూస్తూ.

ముఖం నున్నగా మెరుస్తోంది. ఒక్క మచ్చ లేదు. ఈ పిల్లకి ఏమీ కాలేదు కదా, నాదేదో వేడి చేసి ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అలా అనుకుంటే బాగుండునని ఆశపడ్డాను. నా సాక్ష్యం విని ఎన్ని ఇళ్ళలో ఆ డబ్బాలు ఉన్నాయో నాకు తెలుసు. ఇరవై మంది ముందు నిలబడి, నేను చెప్పింది తప్పు అనాలి. జీవశాస్త్రం టీచరు అయ్యుండి. పైగా అంత గొప్పగా చెయ్యి చాపి చూపించాక. పైట చెంగు చేతిమీదికి లాక్కుని, టీ తాగి వచ్చేశాను. మర్నాడు టైలరు దగ్గరికెళ్ళి పూర్తిచేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. ఆ ఎండల్లో మా స్కూల్లో మణికట్టు దాకా జాకెట్టు వేసుకున్నది నేనొక్కదాన్నే.

"ఏటి టీచరమ్మా, కొత్త ఫేషనా?" అని వదిన ఆట పట్టించింది. నవ్వాను.

ఇంకా నెలన్నర గడిచింది. ఆదివారం పొద్దున్న ఆరాధన అయ్యాక పిల్ల మా ఇంటికి వచ్చింది. చున్నీ కళ్ళ కింద దాకా కప్పుకుంది.

"అత్తా, పొయ్యి కాడ నిలబడలేకపోతన్నాను. బుగ్గలు మండిపోతన్నాయి. ఎండకెళ్తే కారం రాసినట్టు ఉంటాది," అని చున్నీ తీసింది.

బుగ్గలు ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటి నిండా సన్నటి చీము గుల్లలు. చెంపల మీద, పెదవి పైన, మెత్తటి నల్లటి నూగు. ఎర్ర దారాలు. నా చేతి మీద బిళ్ళంత మేర ఉన్నది ఆ పిల్ల ముఖమంతా ఉంది.  "రాయడం మానీ, ఇప్పుడే మానీ," అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

మానేసిన మూడో రోజుకి ముఖం వాచి, కళ్ళు మూసుకుపోయి, బుగ్గల నుంచి నీరు కారడం మొదలైంది. భయపడి వదిన మళ్ళీ క్రీము రాసింది. రాత్రికి రాత్రి వాపు తగ్గిపోయింది.

"సూసినావా?" అంది వదిన నాతో. "మానితే వస్తాది, రాస్తే తగ్గిపోతాది. అంటే క్రీము మంచిదే కదేటి. దీనికి ఇంకేటో గాలి సోకినాది."

ఆ లెక్కకి జవాబు నా దగ్గరుంది, నా జాకెట్టు చేతికింద. పూర్తిగా చెప్పకుండానే వదినని బతిమాలి, పిల్లని శ్రీకాకుళంలో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు ముఖం వైపు ఒక నిమిషం చూసింది, అంతే. డబ్బా అడిగింది. వాసన చూసి, "స్టెరాయిడ్ కలిపారు," అని మూత పెట్టేసింది.

"ఎన్ని రోజుల్లో తెల్లబడింది?"

"పది రోజులండి," అంది పిల్ల.

"పది రోజుల్లో తెల్లబడితే అప్పుడే అనుమానం రావాలమ్మా. ఇలాంటివి వారానికి ఎన్ని వస్తున్నాయో. వాడమని ఎవరు చెప్పారు?"

పిల్ల నావైపు చూసి తల దించుకుంది. డాక్టరు కూడా నావైపు తిరిగి, ఏం చేస్తుంటారని అడిగింది. టీచర్ని అన్నాను. ఏం చెబుతారని అడిగింది. జీవశాస్త్రం అన్నాను. ఆవిడ వెంటనే చీటీ రాయడంలో పడిపోయింది. ఆవిడ నాలుగు తిట్లు తిట్టుంటే నాకు కాస్త ఊపిరాడేది. చర్మం ఆ మందుకి అలవాటు పడిపోయింది కాబట్టి మానాక మంట ఇంకా పెరుగుతుందనీ, ఓర్చుకోవాలనీ, చర్మం కుదుటపడడానికి ఏడాది పట్టవచ్చనీ, ఆ దారాలు కొన్ని ఉండిపోవచ్చనీ చెప్పింది.

ఇంటర్వ్యూ ఆ పై వారమే. ఆ రోజు పొద్దున్న వదిన ఇస్త్రీ చేసిన బట్టలు మంచం మీద పెట్టింది. పిల్ల వాటిని చూసి, తడిగుడ్డ ముఖం మీద వేసుకుని, ఫ్యాను కింద అటు తిరిగి పడుకుంది. దానితో పాటు చదివిన పిల్లలంతా ఆటో మాట్లాడుకుని వెళ్ళారు. ఆటో మా వీధి మలుపు దగ్గర ఆగి హారన్ కొట్టింది. రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం కూడిక మా ఇంట్లోనే. సాక్ష్యాల వేళ నేను లేచి నిలబడ్డాను. వదిన ముందు వరసలో ఉంది. పిల్ల రానంటే నేనే బలవంతం చేసి తీసుకొచ్చి వెనక గోడ దగ్గర కూర్చోబెట్టాను. ఆమెకి కూడా చెప్పాలి కాబట్టి.

రాత్రి క్రీము పనిజేస్తాదని నేను చెప్పింది తప్పు అన్నాను. అందులో ఏముందో, అది చర్మాన్ని ఏం చేస్తుందో చెప్పాను. ఎవరింట్లో ఉన్నా ఉన్నపళంగా రాయొద్దు, మానాక మంట వస్తే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"నాలుగు దండగన్నావు, అయిదోది మంచిదన్నావు. ఇప్పుడదీ కాదంటే ఏ మాట నమ్మాల?" అంది మంగు పోయిందని చెప్పినావిడ.

"గుంట మరీ దట్టంగా రాసీసుంటాది," అంది ఇంకొకావిడ.

మూడో ఆవిడ, మా అమ్మ వయసు మనిషి, నాదగ్గరికి జరిగి గొంతు తగ్గించి అడిగింది: "మొకానికి వద్దులే గాని, సేతులకైతే రాసుకోవచ్చేటి? మా కోడలు నలుపు."

నాకు ఒక్కసారి అందరి మీదా అసహ్యం ముంచుకొచ్చింది. ఆ పెట్టెల మేడమ్ మీద, చూపు ఆపినాయన మీద, చాపల మీద కూర్చుని ఇంకా తెలుపు గురించే లెక్కలు వేసుకుంటున్న ఈ ఆడవాళ్ళ మీద. అంత అసహ్యపడే హక్కు నాకున్నట్టు, విసురుగా ఎడమచేతి జాకెట్టు మోచేతి దాకా పైకి లాగి, "సేతులకి రాస్తే ఇలగుంటాది, సూడండి," అన్నాను.

చూశారు.  వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెనక గోడ దగ్గర్నుంచి నా మేనకోడలు లేచి, కూర్చున్నవాళ్ళని దాటుకుంటూ వచ్చింది. ముఖం మీంచి చున్నీ తీసేసింది. నా చెయ్యి పట్టుకుని వెలుగు వైపు తిప్పి, ఆ బిళ్ళ మీద బొటనవేలితో మెల్లగా రాసింది. ఆ దారాలు ఎలా వస్తాయో, ఎన్నాళ్ళకి వస్తాయో ఇప్పుడు నాకన్నా ఆ పిల్లకే బాగా తెలుసు.

"ఇది ఎప్పుడైనాది అత్తా?" అంది.

నిన్న మొన్న అని చెప్పొచ్చు. ఎవరూ పట్టుకోలేరు.

"రెండో నెలలో," అన్నాను.

ఆ పిల్ల తనలో తను లెక్క కట్టుకుంటోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అప్పటికి నా మొకం బాగానే ఉన్నాది."

"ఉన్నాది."

"మరి నాకు సెప్పలేదేటి?"

"సిగ్గేసింది," అన్నాను. అంతకుమించి నా దగ్గర ఏ కారణమూ లేదు. అంతమంది ముందు చిన్నబోవడం కన్నా ఆ పిల్ల ముఖం నాకు చవకైపోయింది. అప్పుడు అర్థమైనంత స్పష్టంగా నాకు నేను ఎప్పుడూ అర్థం కాలేదు. 

పిల్ల నా చెయ్యి వదిలేసింది.

"నాను నీ ఎదటే రాసుకున్నాను కదా అత్తా. నువ్వు అలగ సూస్తా టీ తాగినావు," అంది. గొంతులో కోపం లేదు. అడిగినట్టు కూడా లేదు. చున్నీ మళ్ళీ ముఖం మీదికి లాక్కుని, గుమ్మంలో తన చెప్పులు వెతుక్కుని వేసుకుని వెళ్ళిపోయింది.